1968 షెవెల్‌కి గట్టి వెనక యాక్సిల్: 12-బోల్టా, ఫోర్డ్ 9 అంగుళాలదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 1968 షెవెల్ మాలిబు అనే షెవ్రొలే కారు, 383 ఘనపు అంగుళాల స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్, సుమారు 450 పౌండ్-ఫుట్ టార్క్, మన్సీ ఎం20 నాలుగు గేర్ల మాన్యువల్, 235/60ఆర్15 రేడియల్ టైర్లు, వెనక కారుతోపాటు వచ్చిన 10-బోల్ట్ యాక్సిల్ (10-బోల్ట్, 12-బోల్ట్ అనే పేర్లు కవరుకున్న బోల్టుల లెక్కతో వచ్చినవి). శని ఆదివారాలు డల్లాస్ చుట్టుపక్కల తిప్పుతారు, అప్పుడప్పుడు హ్యూస్టన్ దాకా హైవే మీద వెళ్తారు. ఏడాదికి మూడు నాలుగుసార్లు స్లిక్కులు (గాళ్లు లేని, గట్టిగా పట్టే రేసు టైర్లు) వేసి, నేరుగా పావు మైలు పరిగెత్తించే డ్రాగ్ స్ట్రిప్‌కి తీసుకెళ్తారు. ‘అందరూ ఫోర్డ్ 9 అంగుళాలది పెట్టెయ్యమంటున్నారు, వేరే దారి లేదా?’ అన్నది మీ ప్రశ్న.

దారి ఉంది. ఈ కారుకి, ఈ వాడకానికి సరిపోయేది షెవ్రొలే 12-బోల్ట్. కొత్త అలాయ్ షాఫ్టులు, 3.55 గేరు (చక్రం ఒక్కసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్టు 3.55 సార్లు తిరిగేది) వేసి, షాఫ్టులు బయటికి జారకుండా చివర్లు మార్పించుకుంటే చాలు. ఎందుకో లెక్కతో చెబుతాను. రేపు మీ ఇంజిన్ మారినా ఆ లెక్క మీరే మళ్లీ వేసుకోవచ్చు.

హార్స్‌పవర్ అంకె చూసి యాక్సిల్ కొంటే ఎక్కువసార్లు తప్పుతుంది. యాక్సిల్‌ని విరిచేవి రెండు: దాని మీద పడే మెలి (టార్క్) ఎంత, అది ఎంత కుదుపుతో పడుతుంది. ఆ రెంటికీ హద్దు గీసేది టైరు. మీ ఇంజిన్ 450 పౌండ్-ఫుట్ ఇస్తుంది, ఎం20 మొదటి గేరు 2.52, వెనక గేరు 3.73 అనుకుందాం. మూడూ గుణిస్తే షాఫ్టుల దగ్గరికి వచ్చేది సుమారు 4,230 పౌండ్-ఫుట్. ఇప్పుడు టైరు వైపు నుంచి చూడండి. బయల్దేరేటప్పుడు వెనక చక్రాల మీద 2,100 పౌండ్ల బరువు, రోడ్డు టైరు పట్టు 0.9, టైరు వ్యాసంలో సగం 1.08 అడుగులు అని ఉజ్జాయింపుగా తీసుకుంటే, టైరు మోయగలిగింది 2,040 పౌండ్-ఫుట్ మాత్రమే. అది దాటగానే జారిపోతుంది. అంటే రోడ్డు టైర్లతో ఇంజిన్ తోసేదాంట్లో సగం కూడా యాక్సిల్ మీద పడదు. అదే 27 అంగుళాల స్లిక్కు వేశారనుకోండి. పట్టు 1.5 దాకా వస్తుంది, బరువు వెనక్కి వాలి 2,700 పౌండ్లు అవుతుంది. లెక్క 4,550 దాటుతుంది. ఇక టైరు జారదు, ఇంజిన్ ఇచ్చే మెలి మొత్తం యాక్సిలే మోయాలి. పైగా 5,000 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ ఒక్కసారి వదిలితే, తిరుగుతున్న ఫ్లైవీల్‌లో ఉన్న శక్తి కూడా ఆ క్షణంలోనే పినియన్ (డ్రైవ్ షాఫ్టు తిప్పే చిన్న గేరు) మీద సమ్మెటపోటులా పడుతుంది. ఆటోమేటిక్ ఉన్న కారుకి టార్క్ కన్వర్టర్ మెలిని పెంచుతుంది కానీ మెత్తగా అందిస్తుంది. అందుకే ఒకే ఇంజిన్‌తో ఆటోమేటిక్ కారు కింద ఏళ్లు నిలబడ్డ యాక్సిల్, మాన్యువల్ కింద స్లిక్కులు వేసిన మొదటి రోజే పోవచ్చు.

మీ కారులో ఇప్పుడున్నది 8.2 అంగుళాల రింగ్ గేరు 10-బోల్ట్. మన ఊళ్లో లారీ మెకానిక్కులు క్రౌన్-పినియన్ అంటారే, అందులోని క్రౌనే ఈ రింగ్ గేరు. దీని పినియన్ కాడ 1.438 అంగుళాలు, షాఫ్టులకి 28 స్ప్లైన్లు (కొసన పొడుగ్గా చెక్కిన గాడి పళ్లు). బరువు మీద పినియన్ రింగ్ గేరు నుంచి ఎడంగా తోసుకుపోతుంది. అప్పుడు పళ్లు పూర్తిగా కలవక కొసల మీదే భారం పడి చిట్లుతాయి. లోపలి చిన్న స్పైడర్ గేర్లు కూడా పగులుతాయి. రోడ్డు టైర్లతో జాగ్రత్తగా తిప్పుకుంటే నడుస్తుంది. దాంట్లో కొత్త గేర్లూ కొత్త డిఫరెన్షియలూ వేసి డబ్బు పెట్టడం మాత్రం వద్దు. హౌసింగూ (బయటి గుల్ల), పినియన్ సైజూ మారవు కాబట్టి బలహీనత అక్కడే ఉంటుంది.

ఇక్కడ ఒక పోలిక గుర్తుంచుకోండి. 8.5 అంగుళాల 10-బోల్ట్ అని ఇంకొకటి ఉంది, బయటి నుంచి చూస్తే కవలల్లా ఉంటాయి. కారు కిందకి వెళ్లి డిఫరెన్షియల్ గుండు అడుగున చూడండి. ఐదు గంటలు, ఏడు గంటలు చూపించే చోట్ల రెండు దిమ్మలు నేరుగా కిందికి పొడుచుకొచ్చి ఉంటే అది 8.5. అడుగు నున్నగా ఉంటే 8.2. 8.5లో పినియన్ కాడ 1.625 అంగుళాలు, అంటే 12-బోల్ట్‌లో ఉన్నదే. 1971, 72 ఓల్డ్స్‌మొబిల్, బ్యూయిక్ ఏ-బాడీ (షెవెల్ తరగతి జీఎం మధ్యరకం) కార్ల కింద ఇది దొరుకుతుంది. మీ కారుకి అమరుతుంది కూడా. మీది ఆటోమేటిక్ అయ్యుంటే, స్లిక్కులు లేకపోయుంటే, మంచి 8.5 దొరికితే తీసేసుకోమనేవాణ్ని.

12-బోల్ట్ విషయానికొద్దాం. రింగ్ గేరు 8.875 అంగుళాలు, పినియన్ కాడ 1.625, షాఫ్టులకి 30 స్ప్లైన్లు. మీ కారు తోబుట్టువు ఎస్ఎస్396 కింద అప్పట్లోనే ఇది వచ్చేది. అందుకే మీ ఫ్రేముకి, మీ ఆర్ములకి (యాక్సిల్‌ని ఫ్రేముకి కలిపే కడ్డీలు), మీ బ్రేకు ప్లేట్లకి మార్పు లేకుండా అమరుతుంది. పాతది కొనేటప్పుడు ఇక్కడ మోసపోయే దారులు మాత్రం చాలా ఉన్నాయి.

మొదటిది ట్రక్కు 12-బోల్ట్. దానికి కవరు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, పినియన్ కాడ సన్నగా 1.438 ఉంటుంది. పన్నెండు బోల్టులు లెక్కపెట్టి మురిసిపోతే దొరికేది ఇదే. రెండోది ఓల్డ్స్‌మొబిల్ సొంత యాక్సిల్. కవరుకి పన్నెండు బోల్టులే ఉన్నా లోపలి రింగ్ గేరుకి పదే, షెవ్రొలే భాగాలు ఏవీ పట్టవు, దానికి విడిభాగాలు దొరకడం కష్టం. మూడోది కమారో, నోవా కింద వచ్చినది. అది అసలైన 12-బోల్టే, కానీ లీఫ్ స్ప్రింగుల కోసం చేసినది. మీ షెవెల్‌లో పై ఆర్ములు డిఫరెన్షియల్ గుండు నెత్తిన ఉన్న రెండు చెవులకి బిగుస్తాయి, లీఫ్ స్ప్రింగు కార్ల హౌసింగుకి ఆ చెవులే ఉండవు. నాలుగోది 1964 నుంచి 67 దాకా వచ్చిన ఏ-బాడీ యాక్సిల్. చెవులు ఉంటాయి కానీ వెడల్పు తక్కువ, చక్రాలు లోపలికి పోతాయి. మీకు కావాల్సింది 1968–72 ఏ-బాడీది.

అమ్మేవాళ్ల దగ్గర కవరు విప్పి చూడనివ్వకపోతే కొనకండి. విప్పాక రింగ్ గేరు అంచున చెక్కిన పళ్ల లెక్క చదవండి. 43, 13 అని ఉంటే 3.31. 39, 11 ఉంటే 3.55. 41, 11 ఉంటే 3.73. పై చెవుల మొదట్లో పగులు ఉందేమో మసి తుడిచి టార్చి వేసి చూడండి, గట్టిగా వాడిన కార్లలో పోత అక్కడే చీలుతుంది. ట్యూబు ముందు వైపు, కుడి చేతి పక్కన కోడు చెక్కి ఉంటుంది. అది రాసుకుని ఏ కారుదో, ఏ గేరుతో బయల్దేరిందో సరిచూసుకోండి. తర్వాత షాఫ్టు బయటికి తీసి, బేరింగు తిరిగే పట్టీ మీద గోరు లాగండి. ఈ యాక్సిల్‌లో బేరింగుకి లోపలి రింగు అంటూ వేరే ఉండదు, రోలర్లు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతాయి. గోటికి గుంటలు తగిలితే షాఫ్టు అయిపోయినట్టే. మీరు ఎలాగూ షాఫ్టులు మారుస్తారు కాబట్టి మీకది నష్టం కాదు, బేరానికి పనికొస్తుంది.

పాత 12-బోల్ట్‌లు ఇప్పుడు అరుదు, ధరలు కూడా ఆ పేరుకే పెట్టేస్తున్నారు. మోజర్, స్ట్రేంజ్ లాంటి తయారీదారులు కొత్త పోతతో 12-బోల్ట్ హౌసింగులు చేస్తున్నారు. పాత హౌసింగుకి ట్యూబులు వంగాయేమో చూపించి, చెవులు బాగుచేయించి, బేరింగు కూర్చునే చోట్లు కొలిపించి, ఆ పైన గేర్లు కొనే ఖర్చు కూడితే తరచుగా కొత్తదానికి దగ్గరగా వస్తుంది. కారు అసలు కోడులతో ఉండాలన్న పట్టింపు లేకపోతే కొత్తదే తీసుకోండి.

ఫోర్డ్ 9 అంగుళాలది (అంటే రింగ్ గేరు 9 అంగుళాలు) 1957 నుంచి 1986 దాకా ఫోర్డ్ కార్లు, ట్రక్కుల్లో వచ్చింది. దాన్ని అందరూ మెచ్చుకోవడానికి గట్టి కారణాలే ఉన్నాయి. పినియన్‌కి వెనక కొసన కూడా ఒక బేరింగు ఉండటంతో మూడు చోట్ల ఆనుతుంది, ఎంత తోసినా పక్కకి జరగదు. గేర్లున్న ముద్ద మొత్తం ముందు నుంచి పది నట్లు విప్పితే బయటికొస్తుంది. ఇంట్లో ఒక ముద్ద 3.50తో, ఇంకొకటి 4.30తో పెట్టుకుని స్ట్రిప్‌కి వెళ్లే ముందు మార్చుకోవచ్చు. 35 స్ప్లైన్ షాఫ్టుల దాకా ఎన్ని కావాలంటే అన్ని భాగాలు దొరుకుతాయి. దానికి చెల్లించే మూల్యం కూడా ఉంది. పినియన్ రింగ్ గేరు మధ్యగీతకి బాగా కింద కూర్చుంటుంది, పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కువ రాసుకుంటాయి. ఆ రాపిడి వేడిగా పోతుంది, 12-బోల్ట్ కంటే కొంత శక్తి ఎక్కువ తినేస్తుంది. మీ ఫ్రేముకి చెవులతో చేసిన హౌసింగు కొనాలి. డ్రైవ్ షాఫ్టు పొడవు మారుతుంది. బ్రేకు ప్లేట్లు మారతాయి, హ్యాండ్‌బ్రేకు కేబుల్ అతుకు చూసుకోవాలి. ఆర్డరు ఇచ్చేటప్పుడు చక్రం బోల్టుల వలయం 4¾ అంగుళాలని స్పష్టంగా రాయించండి. చెప్పకపోతే ఫోర్డ్ కొలత 4½తో వచ్చే ప్రమాదం ఉంది, మీ ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పొత్తు కుదరదు. మీ టార్క్ 600 దాటేదాకా, లేదా నెలనెలా స్ట్రిప్‌కి వెళ్లేదాకా ఈ శ్రమ అక్కర్లేదు. డానా 60 ఇంకా పెద్దది, 9.75 అంగుళాల రింగ్ గేరు. క్రైస్లర్ వాళ్లు హెమీ (వాళ్ల పెద్ద వీ8 ఇంజిన్) మాన్యువల్ కార్ల కింద పెట్టింది అదే. మీ కారుకి అది బరువు పెంచడమే.

షాఫ్టుల దగ్గర ఒక చిన్న లెక్క చాలా సందేహాలు తీరుస్తుంది. 28, 30, 31, 33, 35 స్ప్లైన్ల పళ్ల సైజు ఒకటే, అందుకే స్ప్లైన్ల సంఖ్య పెరిగినంత మేరా వ్యాసం పెరుగుతుంది. మెలిని తట్టుకునే బలం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. అదే ఉక్కు అయితే 28 నుంచి 30కి వెళ్తే సుమారు 23 శాతం, 33కి వెళ్తే 60 శాతం పైన, 35కి వెళ్తే దాదాపు రెట్టింపు. మీకు 30 స్ప్లైన్ అలాయ్ షాఫ్టులు సరిపోతాయి. డిఫరెన్షియల్ కొత్తది కొంటున్నప్పుడు 33 దొరికితే తేడా డబ్బు పెట్టడం దండగ కాదు. షాఫ్టు, డిఫరెన్షియల్ రెండూ ఒకే స్ప్లైన్‌కి ఆర్డరు ఇవ్వండి.

ఇప్పుడు ప్రాణానికి సంబంధించిన సంగతి. 12-బోల్ట్‌లో, రెండు రకాల షెవ్రొలే 10-బోల్ట్‌లలోనూ చక్రాన్ని కారుకి పట్టి ఉంచేది షాఫ్టు లోపలి కొసన ఉన్న ఒక సీ-క్లిప్. షాఫ్టు ఎక్కడైనా విరిగితే ఆ క్లిప్ లోపలి ముక్కని పట్టుకుంటుంది, బయటి ముక్క చక్రంతో సహా జారి వచ్చేస్తుంది. బ్రేకు డ్రమ్ కూడా దాంతోనే పోతుంది. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసుల సంఘం) నియమాల్లో పావు మైలు 10.99 సెకన్లు లేదా ఇంకా వేగంగా పరిగెత్తే కార్లకి ఆఫ్టర్‌మార్కెట్ (బయటి తయారీదారుల) షాఫ్టులూ, షాఫ్టుని పట్టి ఉంచే ఏర్పాటూ తప్పనిసరి. మీ కారు అంత వేగం కాకపోయినా స్లిక్కులు వేస్తున్నారు కాబట్టి ఇది చేయించుకోండి. ఇందుకు సీ-క్లిప్ ఎలిమినేటర్ కిట్లు బోల్టులతో బిగించేవి దొరుకుతాయి. స్ట్రిప్ కార్లకి ఫరవాలేదు. రోడ్డు మీద మలుపుల్లో పక్కకి పడే బరువుకి వాటి బేరింగులు తొందరగా అరిగి నూనె కారతాయి, ఆ నూనె బ్రేకు లైనింగుల మీదికి వెళ్తుంది. రోడ్డు కారుకి సరైన పని, హౌసింగు కొసలు కోసి ఫోర్డ్ పద్ధతి చివర్లు వెల్డ్ చేయించడం. బేరింగు షాఫ్టు మీద ప్రెస్‌తో ఎక్కుతుంది, నాలుగు బోల్టుల పలక దాన్ని పట్టుకుంటుంది. కొత్త హౌసింగు కొంటే ఇదే కావాలని ఆర్డరులోనే చెప్పండి. ఇలా చేస్తే బ్రేకు ప్లేట్లు మారతాయని గుర్తుంచుకోండి.

గేరు నిష్పత్తి దగ్గర మీరు 3.73 అనుకుంటున్నట్టున్నారు. ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ వేగం తగ్గించే పై గేరు) లేని కారుకి హైవే ఉంటే కొంచెం ఆగండి. ఆర్‌పీఎం లెక్క ఇలా: గంటకి మైళ్లు × గేరు నిష్పత్తి × 336, దాన్ని టైరు వ్యాసం అంగుళాల్లో పెట్టి భాగించాలి. మీ టైరు 26.1 అంగుళాలు. 65 మైళ్ల దగ్గర 3.73తో ఇంజిన్ సుమారు 3,120 తిరుగుతుంది, 3.55తో 2,970, 3.31తో 2,770. హ్యూస్టన్ దాకా నాలుగు గంటలు 3,120 మీద ఇంజిన్ రొద భరించడం కష్టమే. పైగా ఎం20 మొదటి గేరు 2.52 అంటే లాగుడు ఎక్కువది. 2.52ని 3.55తో గుణిస్తే 8.9 వస్తుంది. 2.20 మొదటి గేరున్న ఎం21కి 3.73 వేస్తే వచ్చేది 8.2 మాత్రమే. అందుకే 3.55 మీకు చాలు. ఓవర్‌డ్రైవ్ ఉన్న గేరుబాక్సు వేసే ఆలోచన ఉంటే అప్పుడు 3.73 గానీ 4.10 గానీ చూడొచ్చు. ఇంకో మాట: 12-బోల్ట్‌లో రింగ్ గేరు బిగించే కారియర్ నిష్పత్తిని బట్టి మారుతుంది. 3.31, 3.55, 3.73 ఒక వరసకి చెందినవి, 4.10 ఇంకో వరస. ఇప్పుడు 3.55 వేసి తర్వాత 4.10కి పోతే కారియర్ కూడా మార్చాలి.

డిఫరెన్షియల్‌కి వస్తే, స్పూల్ (రెండు షాఫ్టుల్నీ కలిపి బిగించేసేది) రోడ్డు కారుకి వద్దు, మలుపులో టైర్లని ఈడుస్తుంది, షాఫ్టుల్ని మెలిపెడుతుంది. డెట్రాయిట్ లాకర్ బలమైనదే, కానీ మలుపుల్లో టకటకమంటూ పట్టు వదులుతూ పట్టుకుంటూ ఉంటుంది, మాన్యువల్ కారులో అది కారుని పక్కకి విసిరినట్టు తెలుస్తుంది. ఈటన్ క్లచ్ పోజీ (క్లచ్ ప్లేట్లతో ఒక చక్రం జారడాన్ని తగ్గించే డిఫరెన్షియల్) మంచిది, ప్లేట్లు అరిగితే మార్చుకోవచ్చు. రోడ్డు ఎక్కువ, స్ట్రిప్ తక్కువ ఉన్న మీకు నేను చెప్పేది హెలికల్ గేర్ల ట్రూట్రాక్. అరిగే ప్లేట్లు ఉండవు. నూనెలో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపకూడదు, సింథటిక్ కాకుండా మామూలు ఖనిజ నూనే పోయాలి. పోజీకి మాత్రం మాడిఫయర్ కలపాలి, లేకపోతే మలుపుల్లో వణుకు వస్తుంది.

కొనే ముందు కొలతలు. చక్రాలు విప్పి డ్రమ్ములు అలాగే ఉంచండి, ఒక్కో డ్రమ్ము ముఖానికి ఒక తిన్నని ఇనుప పట్టీ ఆనించి, రెంటికీ మధ్య యాక్సిల్‌కి ముందూ వెనకా టేపు పెట్టండి. రెండు అంకెలూ కలవాలి. కలవకపోతే పట్టీ వంకరగా ఆనింది. ఈ చక్రం ముఖం నుంచి ముఖం దూరమే ఆర్డరు ఇచ్చే కొలత. స్లిక్కు వెడల్పుగా ఉంటుంది కాబట్టి స్లిక్కు వేసే చక్రంతోనే ఫెండర్ అంచుకి ఖాళీ చూసుకోండి, కనీసం అంగుళం ఉండాలి.

బిగించేటప్పుడు ఎక్కువమంది పొరబడేది రెండు చోట్ల. రబ్బరు బుష్షులున్న ఆర్ముల బోల్టులు కారు జాకీల మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించెయ్యకూడదు. బరువు చక్రాల మీద పడ్డాక బిగించాలి, లేకపోతే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి కొద్ది నెలల్లో చిరుగుతుంది. రెండోది పినియన్ కోణం. గేరుబాక్సు కాడకీ పినియన్‌కీ గీతలు సమాంతరంగా ఉండాలి, రబ్బరు బుష్షులతో యాక్సిలరేటర్ తొక్కగానే పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి రెండు డిగ్రీలు కిందికి చూసేలా పెట్టుకోండి. డ్రైవ్ షాఫ్టు జాయింటు, మన వాళ్లు క్రాస్ అంటారు, 1350 సైజుకి మార్చండి. దాని టోపీ 1.188 అంగుళాలు, 1310ది 1.062 మాత్రమే. 12-బోల్ట్ మీద పాత చిన్న జాయింటు ఉంచితే తర్వాత విరిగేది అదే. స్టాకు ఆర్ములు తెరిచిన రేకు డొక్కులే, వాటిని పెట్టెలా మూసి వెల్డ్ చేయించండి.

గేర్లు అమర్చడం మీరే చేస్తానంటే డయల్ ఇండికేటర్, అంగుళం-పౌండ్ల టార్క్ రెంచి, ప్రెస్, పళ్లు ఎక్కడ కలుస్తున్నాయో చూపే పసుపు పేస్టు ఉండాలి. 12-బోల్ట్‌లో షిమ్ (మందం సర్దే పల్చటి బిళ్ల) పినియన్ తలకీ బేరింగుకీ మధ్య వస్తుంది, మందం పెంచితే పినియన్ లోపలికి, రింగ్ గేరు వైపు వెళ్తుంది. 9 అంగుళాలదాంట్లో షిమ్ బయట సపోర్టు కింద వస్తుంది, మందం పెంచితే పినియన్ వెనక్కి, బయటికి వస్తుంది. ఒకటి చదివి ఇంకోదానికి చేసేవాళ్లు రోజంతా తలకిందులుగా పని చేస్తారు. పేస్టు ముద్ర పంటి పై అంచున పడితే పినియన్‌ని లోపలికి తేవాలి, మొదట్లో పడితే వెనక్కి తీయాలి. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఖాళీ) 0.006 నుంచి 0.010 అంగుళాల మధ్య, మూడు నాలుగు చోట్ల కొలిస్తే తేడా 0.002 దాటకూడదు. క్రష్ స్లీవ్‌తో (నలుగుతూ సర్దుకునే గొట్టం) పినియన్ నట్టు బిగించేటప్పుడు కొత్త బేరింగులకి లాగుడు సుమారు 20 నుంచి 25 అంగుళం-పౌండ్లు రావాలి. చివర్లో నట్టు కొద్దికొద్దిగా తిప్పి మళ్లీ కొలవండి. దాటిపోతే నట్టు వెనక్కి వదలడం పరిష్కారం కాదు, నలిగిన స్లీవ్ తిరిగి పెరగదు, కొత్త స్లీవ్ వేసి మొదటి నుంచి చెయ్యాలి. స్లిక్కుల కారుకి స్లీవ్ తీసేసి ఘన స్పేసర్ వాడితే ఇది తప్పుతుంది, ప్రీలోడ్ (బేరింగుల మీద ముందే పెట్టిన బిగువు) కూడా గట్టి దెబ్బలకి సడలదు. పాత సీ-క్లిప్ షాఫ్టులు తీసేటప్పుడు కవరు లోపలి అడ్డపిన్నుని పట్టి ఉంచే సన్నని బోల్టు విరిగే గుణం ఉంది. నిదానంగా విప్పండి, మళ్లీ పాతదే వేయకండి.

నూనె 80డబ్ల్యూ-90 జీఎల్-5, నింపే రంధ్రం అడుగు దాకా. మొదటిసారి 15–20 నిమిషాలు మామూలుగా నడిపి, పూర్తిగా చల్లారేదాకా ఆపండి. రెండు మూడు సార్లు అలా చెయ్యండి. కొత్త గేరు పళ్లు ఒకదానికొకటి సర్దుకునే ఆ వేళలో ఎక్కువ వేడెక్కితే పై పొర కాలి తర్వాత జీవితమంతా మూలుగుతాయి. 500 మైళ్ల దాకా ట్రెయిలర్ లాగొద్దు, స్లిక్కులు వేయొద్దు. అప్పుడు నూనె మార్చి, కింద పట్టిన పళ్లెంలో అయస్కాంతం తిప్పి చూడండి. బూడిద రంగు మెత్తని ముద్ద అంటుకుంటే అది మామూలు అరుగుదల. వేళ్లకి గుచ్చుకునే మెరుపు రేకులు కనిపిస్తే మళ్లీ నూనె పొయ్యకుండా గేర్ల ముద్ర చూడండి.